మారక్క విప్పిన చక్రం

కెలమంగలం బస్టాండు పక్కన పంక్చరు అంగడి నడిపే మారక్కకు కోపం వచ్చిందంటే, ఆ వీధిలో అరుగు కబుర్లు చెప్పుకునేవాళ్లంతా చల్లగా లేచి ఇంటి దారి పట్టేవారు. ఊరికే వచ్చే కోపం కాదు అది. వస్తే మాత్రం పని తేలేదాకా పోదు.

అంచెట్టి కొండల్లో మేకలు కాసిన పిల్ల ఆమె. అంకప్పను కట్టుకుని ఈ ఊరొచ్చింది. తొంభైల్లో అతని పక్కన కూర్చుని లారీ ట్యూబులకు అతుకులు వేస్తూ పని నేర్చుకుంది. అంకప్ప జబ్బుచేసి పోయాక, "ఆడమనిషివి, జాకీ ఎత్తగలవా?" అన్నవాడి చేతికి జాకీ ఇచ్చి, "ఏదీ, నువ్వెత్తు చూస్తాను" అంది. వాడు ఎత్తలేదు, ఆమె అంగడి మూయలేదు. మరిది లింగప్పను సాకింది, పుష్పావతి అనే పిల్లను చూసి పెళ్లి చేసింది. లింగప్పకు నోరు తక్కువ. ఇంటిల్లిపాదికీ కావలసిన నోరు మారక్కకే ఉండేది.

లింగప్ప తెల్లారకముందే వ్యాన్ల స్టాండుకు పోయి బండ్లు కడిగేవాడు. వాడి బతుకుతెరువు అదొక్కటే. రెండువేల అయిదు ఎండాకాలంలో స్టాండువాళ్లు ఆ నోటికాడి కూడు లాగేశారు.

స్టాండుకు పెద్ద శ్రీరంగప్ప. అతని పాత వ్యానుకు వెనక ఎడమ టైరులో రాత్రి నిండుగా కొట్టించిన గాలి పొద్దునకు తగ్గిపోయేది. హోసూరులో చూపించాడు. మేకు లేదు, వాల్వు బాగుంది అన్నారు. మరి గాలి యాడికి పోతుంది? ఎవడో తీస్తున్నాడు. పొద్దున్నే బండ్ల దగ్గర తిరిగేది ఎవడు? లింగప్ప. అయిపోయింది తీర్పు! అద్దం సరిగ్గా తుడవలేదని శ్రీరంగప్ప ఆ మధ్యే వాడిని నలుగురిలో తిట్టి ఉన్నాడు కాబట్టి, కక్ష అని కూడా ఒక మాట తగిలించారు.

మునేశ్వరుడి గుడి ముందు సత్యం చేయమన్నారు. "గాలి తీయలేదు" అని చెప్పి, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పాలి. లింగప్ప చెయ్యి చాచాడు, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. ఇంట్లో పుష్పావతికి నెలలు నిండుతున్నాయి. ఆ వైపు ఊళ్లలో పెండ్లాం కడుపుతో ఉంటే మగవాడు టెంకాయ కూడా కొట్టడు. దేవుడి ముందు మంట ఆర్పుతాడా? పైగా తొలి కాన్పు బిడ్డ దక్కలేదు. ఆ మాట వాడు నలుగురిలో చెప్పుకోలేకపోయాడు. వెనక్కి తీసుకున్న చెయ్యే సాక్ష్యమని బకెట్టు లాక్కుని తరిమేశారు. అక్కడ నిలబడ్డవాళ్లందరూ పెండ్లాం పిల్లలున్నవాళ్లే! ఒక్కడికీ బుర్రలో తట్టకపోవడం ఏమిటి?

సంగతి తెలిసిన మారక్క ఏడవలేదు. జాకీ భుజాన వేసుకుని, స్పానరు చేతబట్టి నేరుగా స్టాండుకు పోయింది. శ్రీరంగప్ప వ్యాను కింద జాకీ దూర్చి తిప్పడం మొదలుపెట్టింది.

"ఏయ్ మారక్కా! నా బండి ముట్టొద్దు!"

"నువ్వు నా మరిది పేరు ముట్టినావు కదప్పా! ఈ చక్రమే కదా వాన్ని దొంగను చేసింది? దీని సంగతేందో తేలాల. ఆపేవాడు ఎవడో ముందుకు రాండి."

ఒక్కడూ రాలేదు. చక్రాన్ని దొర్లించుకుంటూ అంగడికి తెచ్చింది. వెనక శ్రీరంగప్ప, అతని వెనక స్టాండంతా వచ్చింది. గాలి నిండా కొట్టి, నీళ్లతొట్టిలో ముంచింది. చక్రం తిప్పుతూ చూసి తీసేస్తారు అందరూ. మారక్క తిప్పలేదు. చక్రాన్ని రెండు చేతులతో అదిమిపట్టి, నీళ్లు కదలకుండా తేరేదాకా చూస్తూ కూర్చుంది.

"ఏముంది దాంట్లో? హోసూరులో చూసినారు" అన్నాడు శ్రీరంగప్ప.

"నోరు మూసుకోని చూడు."

టైరు మీద ఏమీ లేదు. రిమ్ము అంచున, టైరు వచ్చి కూర్చునే చోట, ఆవగింజంత బుడగ పుట్టింది. చాలాసేపు అక్కడే అంటుకుని ఉండి, పైకి వచ్చి పగిలింది. ఆ చోటే మరొకటి పుట్టింది.

టైరు ఊడదీసి రిమ్ము అంచును ఇనుప రేకుతో గీకింది. వెండిరంగు పెచ్చులుగా లేచింది. దాని కింద ఇంకో పొర, దాని కింద మరో పొర. అన్నిటి కింద ఎర్రటి తుప్పు గరుకుగా బయటపడింది.

"ఎవరప్పా ఈ రంగు పూసింది?"

అది శ్రీరంగప్ప పనేనని అందరికీ తెలుసు. ప్రతి ఆయుధపూజకూ టైర్లు విప్పించి, తుప్పు గీకకుండానే రిమ్ములకు లోపలా బయటా తన చేత్తో రంగు పూసి, గంధం కుంకుమ పెట్టి, "నా బండి చక్రాలు చూడండప్పా" అని మురిసిపోయేవాడు. ట్యూబులున్నన్ని రోజులు గాలి ట్యూబులో ఉండేది కాబట్టి రిమ్ము ఎట్లా ఉన్నా సాగింది. ఆ ఉగాదికి ట్యూబులేని టైర్లు వేయించాడు. వాటిలో గాలిని పట్టి ఉంచేది రిమ్ము అంచే. ఆ పెచ్చుల సందులోంచే గాలి రాత్రంతా జారిపోతోంది.

"పూసింది నువ్వు. దొంగ మాత్రం నా మరిదా?" మారక్క రిమ్మును అతని కాళ్ల ముందు పడేసింది.

"సరేలే మారక్కా, తెలీక జరిగింది. రేపట్నుంచి రమ్మను వాన్ని."

"రమ్మనేదానికి వాడేమన్నా నీ కుక్కా? తరిమింది నువ్వు, పోయి పిలవాల్సింది నువ్వు. అందాకా ఈ టైరు ఎక్కదు."

శ్రీరంగప్ప పళ్లు కొరుకుతూనే లింగప్ప ఇంటికి నడిచాడు. మారక్క నల్లటి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వెనకే పోయింది. లింగప్ప లోపల్నుంచి రాలేదు. పుష్పావతి నడుం పట్టుకుని గడపలోకి వచ్చింది.

"కావాలంటే ఆ కర్పూరం నేనే ఆర్పుతానమ్మా. తప్పు నాదే అని సత్యం చేస్తాను" అన్నాడు శ్రీరంగప్ప.

"వద్దన్నా" అంది పుష్పావతి. "నా బిడ్డ కోసం ఆయన నలుగురిలో తలొంచుకోని వచ్చినాడు. మీరు ఈడ చెప్పి ఏం లాభం? ఆ నలుగురిలోనే చెప్పండి."

చెప్పాడు. సగం మింగుతూ చెప్పాడు కానీ, మారక్క ఎదురుగా నిలబడి ఉంది కాబట్టి రెండోసారి గట్టిగా చెప్పాడు. లింగప్ప మళ్లీ బకెట్టు పట్టుకున్నాడు. ఆ నెలాఖరుకు ఆడపిల్ల పుట్టింది.

ఆయుధపూజ వచ్చింది. బండ్లన్నీ కడిగి వరసలో నిలిపారు. శ్రీరంగప్ప గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, అందరూ చూస్తుండగా, "ఇప్పుడు నీకేం అడ్డం లేదు కదా లింగప్పా. ఈ ఏడు అన్ని బండ్లకీ నువ్వే కొట్టు" అన్నాడు. అదే పెద్ద మర్యాద అనుకున్నాడు పాపం.

లింగప్ప చంకలో బిడ్డను వదిన చేతికిచ్చాడు. ఒక్కో బండి ముందూ దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టుకుంటూ వచ్చాడు. శ్రీరంగప్ప వ్యాను ముందు ఆగాడు. వెలుగుతున్న కాయను అతని చేతుల్లో పెట్టాడు.

"దీనికి మీరే కొట్టుకోండన్నా" అన్నాడు.

మారక్కకు వాడి గొంతు కొత్తగా వినిపించింది. బిడ్డను భుజాన వేసుకుని అంగడి తెరవడానికి పోయింది.