నూకాలు నోట్లో బూజు

పోర్టు క్వార్టర్స్‌లో ఎన్ని గడియారాలున్నా, ఆడవాళ్ళు పులుసుకి చింతపండు నానేసేది మాత్రం నూకాలు కేకను బట్టే. "సేపలమ్మా! వంజరం, సందువా!" అంటూ ఆవిడ మలుపు తిరగకముందే ఆ గొంతు వీధి చివర ఉండేది. జాలరిపేట నుంచి తట్ట నెత్తిన పెట్టుకొచ్చే మనిషికి అదే పెట్టుబడి.

ఆవిడకున్న ఒక్క సరదా అడ్డపొగ. నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని చుట్ట పీల్చడం ఆ పేటలో అమ్మలు కూతుళ్ళకి అప్పజెప్పే విద్య.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు నూకాలు నోట్లో పుళ్ళు లేచాయి. ఎంతకీ మానవు. ఆవిడ తల్లి నోట్లో రాచపుండుతోనే పోయింది. బయటికి చెబితే నిజమైపోతుందేమోనని నూకాలు మొగుడికి కూడా చెప్పలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని, గుమ్మాలు తట్టి చేపలమ్మేది. తట్ట సగం మిగిలిపోయేది.

క్రేను డ్రైవరు భార్య గంగాభవాని గోదావరి మనిషి, ఊరుకునే రకం కాదు. "ఏవమ్మా, గొంతేవైంది? నోరు తెరువు," అని చూసి గతుక్కుమంది. మర్నాడే పెద్దాసుపత్రికి లాక్కుపోయింది.

డాక్టరు పుల్లతో తెల్లపొర గీకి పరీక్షకి పంపాడు. ఫలితం వచ్చేదాకా నూకాలు ప్రాణం అరచేతిలోనే ఉంది.

"రాచపుండు కాదమ్మా, ఫంగస్. ఒకరకం బూజనుకో. మందు రాస్తే పోతుంది. చుట్ట మానకపోతే మాత్రం నువ్వు భయపడ్డదే వస్తుంది."

మర్నాడు వేట నుంచి ఒడ్డుకొచ్చిన దాలయ్య నిర్ఘాంతపోయాడు. ఎండుచేపల మధ్య తన పెళ్ళాం సూర్యుడికేసి నోరు తెరుచుకుని కూర్చుంది.

"ఏటే, ఏటి సేత్తన్నావ్?"

"ఎండుసేపకి బూజు పడితే ఏటి సేత్తాం మావా? ఎండలో ఎడతాం. నాకూ బూజేనంట!"

సంగతంతా అప్పుడు బయటపడింది. దాలయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. చూరులోని చుట్టలకట్ట తీసి సముద్రంలోకి విసిరేశాడు. నూకాలు వీధి అదిరేలా తిట్టింది. ఇన్నాళ్ళకి ఆ తిట్లు విని అతనికి పాయసం తాగినట్టయింది.

డాక్టరిచ్చిన మందు ఊదారంగుది. అది పూసుకుంటే నేరేడుపళ్ళు దొంగతనంగా తిన్నట్టుండేది నోరు. పిల్లలు వెంటపడి నవ్వితే నాలుక చాపి మరీ చూపించేది. చుట్ట కోసం మనసు లాగినప్పుడల్లా తల్లిని తలుచుకుని లవంగం బుగ్గన పెట్టుకునేది.

ఒక పొద్దున క్వార్టర్స్ మలుపు అవతల నుంచి కేక లేచింది. గంగాభవాని పిండిచేతులతో గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది.

"వంజరం తెచ్చానమ్మా, తట్ట దించీమంతారా?"

"ఇవాళ శుక్రవారం, మేం నీసు ముట్టం. కొనేదేం లేదు గానీ, ఇంకొక్క కేకెయ్యవే నూకాలూ."

నూకాలు తట్ట దించి, నడుం మీద చెయ్యేసుకుని, ఊదారంగు నోరంతా తెరిచి అరిచింది.