మెట్లు లేని ఊద్

చమురు డబ్బుతో దోహాలో ఇళ్లు లేస్తున్న రోజులు. జగిత్యాల నుంచి వచ్చిన వడ్రంగిని నేను. యజమాని తన ఊద్ దండి విరిగిందని నా చేతికిచ్చాడు. చూస్తే పొట్టి వీణలా ఉంది గానీ మెట్లు లేవు. ‘గివి ఊడిపొయ్యినట్టున్నయ్’ అనుకుని, దండి అతికించి, టేకు మెట్లు చెక్కి బిగించాను.

మర్నాడు దాన్ని వాయించడానికి ఫోటో స్టూడియో నడిపే అర్మేనియన్ ముసలాయన వచ్చాడు. "మెట్లు మాఫీ!" - దీనికి ఉండవు - అంటూ చాకుతో ఒక్కొక్కటే ఊడదీస్తుంటే, నా ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన మాత్రం యజమానితో, "అతుకు బాగుంది" అన్నాడు. ఊద్ లోపల అంటించిన కాగితం చూపించాడు. ఇస్తాంబుల్‌లో తమవాళ్లే చేశారట, ఆ అక్షరాలూ తమవేనట. తీరా ఆయన ఎత్తుకున్న పాట తుర్కీ.

"మా అమ్మను ఊళ్లోంచి తరిమినవాళ్ల భాష. నాకు జోల కూడా దాంట్లోనే పాడింది."

నాకేమీ అర్థం కాలేదు. వచ్చీరాని అరబ్బీలో అడిగాను: "గట్లయితే ఈ పాట ఎవలది, ఉస్తాద్?"

నేను మెట్టు బిగించిన చోట వేలు పెట్టి పైకి జార్చాడు. ఒక స్వరం ఇంకో స్వరమైంది.

"ఎక్కడ మారిందో చెప్పు."

మళ్లీ వాయించమన్నాను. మళ్లీ దొరకలేదు.