ఐసు కరిగేదాకా

“అమ్మీత్తాను మామ్మా. తోట నా పేరున ఉన్నాది. సంతకం నాది.”

“అమ్ముకో. మీ అమ్మనెక్కడ పడుండమంటావు? ఈ గదిలోనే కదే దాని బతుకు?”

“ఎక్కడికైనా పోనీ! నాన్న పోయినప్పుడు నాకు కబురెట్టని మనిసికి నానెందుకు నీడ ఇవ్వాల?”

“వారానికి రెండుసార్లు పలాస పోయి రగతం కడిగించుకుని వత్తంది. కళ్లతో సూత్తన్నావు. రోడ్డు మీదికి తోలీత్తావేటి?”

“ఐదు రోజులు మామ్మా! ఐదు రోజులు దాసింది. నాను అక్కడ సినిమా సెట్టులో కేకు కోసి నవ్వుతన్నాను. ఇక్కడ మా నాన్నని తగలెట్టీసినారు. ఆ మాట నువ్వే కదా సెప్పినావు నాకు?”

అవును. నేనే చెప్పాను.

గోనెల మీద ఎండబోసిన జీడిపిక్కలను కాలితో తిరగేస్తూ నిలబడ్డాను. మనవరాలు నా జవాబు కోసం చూసి, విసుక్కుని లోపలికి పోయింది. గోడకు అవతల గదిలో నా కోడలు దగ్గింది. మా గొంతులు వినబడి ఉంటాయి, మాటలు తెలిసి ఉండవు.

పదిహేనేళ్ల కిందట నా బొడ్డు సంచిలో ఒక చిన్న ఫోను ఉండేది. అది ఎప్పుడో పాడైపోయింది. దాని బరువు మాత్రం ఇంకా నడుము దగ్గరే ఉంది. కూర్చున్నా ఉంది, పడుకున్నా ఉంది. దేవుడి ముందు దీపం పెట్టడానికి వంగినప్పుడు మరీ ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పడానికి పదిహేనేళ్లు పట్టింది.

నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే సరిదిద్దుకోండి. పేర్లు మార్చి రాస్తున్నాను. మనవరాలిని పైడి అంటాను. తెర మీద దాని పేరు వేరు, అది రాయను.

మాది వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డు ఊరు. నా కొడుకు చేపల వేటకు వెళ్లేవాడు. ముప్ఫై ఏళ్లు దాటకముందే కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు అది కొత్త కాదు. ఒక్కో ఇంట్లో ఇద్దరేసి ఉన్నారు. వాడు మంచం పట్టిన ఏడాదే మా తీరానికి సినిమావాళ్లు వచ్చారు. పడవ దగ్గర ఏడ్చే పిల్ల కావాలన్నారు. ఆరేళ్ల పైడి ఏడ్చింది. అక్కడున్న పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అక్కడి నుంచి హైదరాబాదు. మొగుడిని చూసుకోవాలి కనుక కోడలు కదలలేదు. పిల్ల వెంట నేను వెళ్లాను.

మూడేళ్లలో అది చాలా సినిమాలు చేసింది. నేను ఒక్క రూపాయి పాడు చేయలేదు. సెట్టులో ఇచ్చిన ఇడ్లీ మిగిలితే పొట్లం కట్టి రాత్రికి పెట్టేదాన్ని. దానికి బొమ్మ కొనలేదు. అది అడిగిన ఎర్ర చెప్పులు కొనలేదు. సగం వాడి మందులకు పంపాను. మిగిలింది కూడబెట్టాను. ఈ మధ్య ఫోనుల్లో వీడియోలు వస్తున్నాయి. ఒకప్పటి ఆ పాప ఇప్పుడెలా ఉందో చూడండి, ఎన్ని కోట్ల ఆస్తి ఉందో తెలిస్తే నోరెళ్లబెడతారు అంటారు. కోట్లు లేవు. ఉన్నది పలాస దగ్గర మూడెకరాల జీడితోట, అందులో రెండు గదులు. తుపానుకు ఊళ్లో ఇల్లు పోయింది, ఇక్కడ సగం చెట్లు పడిపోయాయి. మళ్లీ నాటాం. అదే దాని ఆస్తి. ఆ ఆస్తిని నేను దేనితో కొన్నానో ఏ వీడియోలోనూ చెప్పరు. నాకొక్కదానికే తెలుసు.

పైడికి తొమ్మిదేళ్లు. పెద్ద సినిమా. పుట్టినరోజు పండగ సీను. సెట్టంతా బుడగలు, కాగితం పూలు, మూడంతస్తుల కేకు. పొద్దున్న పిల్లకు జడ వేస్తుంటే బొడ్డు సంచిలో ఫోను మోగింది. బయటికి వచ్చి తీశాను. కోడలు.

“అత్తా, నీ కొడుకు ఎల్లిపోనాడు. పిల్లని తీసుకొచ్చీ. దాన్ని సూడాలని రాత్తిరంతా కలవరించినాడు.”

నా నోటి నుంచి వచ్చిన మాట ఇది:

“పిల్ల రానంటంది. షూటింగు ఒగ్గీసి రానంటంది.”

“తొమ్మిదేళ్ల పిల్ల రానంటే నువ్వూరుకుంటావేటత్తా?”

“ఏటి సెయ్యమంటావు? మొండికేసింది. సాయంత్రానికి సూత్తాను.”

ఫోను ఆపేసి సంచిలో పెట్టాను. లోపలికి వెళ్లి మిగిలిన జడ అల్లాను. రిబ్బను కట్టాను. నా చేతులు వణకలేదు. నా కొడుకు చచ్చిపోయాడు, నా చేతులు వణకలేదు. చేసిన తప్పు కన్నా ఈ సంగతి తలచుకుంటేనే నాకు ఇప్పటికీ భయం.

ఎందుకు చేశాను? చాలా ఏళ్లు నాకు నేను ఒకటే చెప్పుకున్నాను. ఆ సినిమాకు ఇచ్చిన అడ్వాన్సు మొత్తం అంతకు నెల ముందే ఈ తోటకు బయానా ఇచ్చేశాను. పిల్లను తీసుకుని వెళ్లిపోతే వేరే పిల్లను పెట్టుకుంటారు, అడ్వాన్సు వెనక్కి అడుగుతారు, తోట పోతుంది, తండ్రి లేని పిల్లకు రేపు ఏమీ ఉండదు. పోయినవాడు ఎలాగూ పోయాడు. ఉన్న పిల్ల సంగతి చూడాలి కదా? ఇలా అనుకుంటే అన్నం దిగేది.

కానీ అలా చేస్తామని సినిమావాళ్లు నాతో అన్నారా? అనలేదు. ఒకసారి వేరే పిల్లకు జ్వరం వస్తే మార్చేశారు. అది చూసి నేనే అనుకున్నాను. నేను అడగలేదు. మేనేజరు పది అడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. వెళ్లి, బాబూ, నా కొడుకు పోయాడు అంటే చాలు. ఆ నాలుగు మాటలు నేను అనలేదు. షూటింగు అయిపోయాక చెబితే ఆయన తల పట్టుకున్నాడు. ముందే చెప్పి ఉంటే కారు ఇచ్చి పంపేవాళ్లం కదమ్మా, పది రోజులు సెట్టు ఆపుకునేవాళ్లం కదా అన్నాడు. నిజంగా ఆపేవాళ్లో లేదో నాకు తెలియదు. తెలియకుండా చేసుకున్నది నేనే.

ఇంకో మాట కూడా ఉంది. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగాను. డబ్బు ఒక్కటే అయితే ఇంత దాచేదాన్ని కాదేమో. మూడేళ్లుగా వాడు ఎండిపోవడం డబ్బు పంపుతూ దూరం నుంచే చూసిన నేను, ఆ ఇంటికి వెళ్లి, వాడి మొహం మీద గుడ్డ తీసి చూడాల్సిన తల్లిని నేనే కనుక, చూడకుండా ఉండడానికి ఆ కేకునీ ఆ బుడగలనీ అడ్డం పెట్టుకున్నానా? పిల్లను కాదు, నన్ను నేను దాచుకున్నానా?

అక్కడ మా ఇంట్లో వాడిని ఐసులో ఉంచారు. పట్టిన చేపలు పాడవకుండా వేసే ఐసు. పడవల దగ్గరి నుంచి దిమ్మలు తెచ్చి, పగలగొట్టి, చుట్టూ పేర్చారు. పిల్ల వస్తుందేమోనని మరుసటి రోజు పొద్దుగూకేదాకా ఆగారట. తరవాత మా మరిది కొడుకు తలకొరివి పెట్టాడు. ఆ సాయంత్రానికి పైడి కేకు కోసే సీను బాగా వచ్చిందని అందరూ చప్పట్లు కొట్టారు.

ఐదో రోజు రైలెక్కాం. పలాస స్టేషనులో దిగి ఆటో ఎక్కాక చెప్పాను, మీ నాన్న పోయాడు, మీ అమ్మ ఇన్నాళ్లు కబురు పెట్టలేదు, నిన్ననే ఫోను చేసింది అని. దారి పొడుగునా అది వెక్కుతూనే ఉంది. ఇంటి ముందు ఆటో ఆగకముందే దూకి, తల్లి మీద పడి, ముందే ఎందుకు చెప్పలేదే అని గుద్దింది. కోడలికి తెలిసిందల్లా ఈ పిల్ల రానంది అనే. ఆమె కూతురి చేతులు రెండూ పట్టుకుని పక్కకు తోసింది.

“ఇక్కడ ఏక్టింగు సెయ్యకే,” అంది.

నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట చాలు. అప్పుడైనా చెప్పి ఉంటే అది ఐదు రోజుల తప్పు అయ్యేది. చెప్పలేదు, పదిహేనేళ్లయింది. పెద్ద దినం అయిన మర్నాడే పిల్లను హైదరాబాదు తీసుకుపోయాను. సెలవులకు వచ్చినా వాళ్లిద్దరినీ ఒకచోట కూర్చోనివ్వలేదు. ఒకరి మాట ఇంకొకరికి నేనే చేరవేశాను. రెండు మాటలూ ఎదురుపడితే నా అబద్ధం తేలిపోతుంది. నూతిలో చేద జారకుండా పట్టుకున్నట్టు దాన్ని పట్టుకున్నాను.

పైడి పెద్దదైంది. చిన్నపిల్లల వేషాలు పోయాయి, పెద్ద వేషాలు రాలేదు. ఇప్పుడు సినిమాల్లో వేరేవాళ్ల బొమ్మకు గొంతు ఇస్తుంది, డబ్బింగు అంటారు. తోట అమ్మి సొంతంగా ఏదో పెట్టుకుంటానంటోంది. పెట్టుకోనీ, దాని కష్టమే. కానీ కోడలికి కూడా ఇప్పుడు అదే జబ్బు. తోట పోతే ఆమెకు పలాసకు దగ్గరగా ఉండే ఈ గది పోతుంది. కూతురు ఆమెను వెళ్లగొడుతున్నది నేను చెప్పిన మాట పట్టుకుని. నేను ఊరుకుంటే, ఒకసారి చేసిన తప్పు మళ్లీ చేసినట్టే.

తోట అమ్మకం గొడవ అయిన మర్నాడు పొద్దున్న కోడలికి డయాలసిస్. ఆరు గంటలకే కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. పైడి బట్టల బ్యాగుతో బయటికి వచ్చింది, రైలుకు పోవడానికి. తల్లి వైపు చూడలేదు. నేను ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

“పైడీ, మీ నాన్న పోయిన పొద్దే మీ అమ్మ ఫోను సేసినాది. నానే దాసినాను. కోడలా, పిల్ల రానన్లేదు. దానికి తెలీదు. నానే అన్నాను.”

అంతే. అంతకన్నా రాలేదు. ఏడుపు కూడా రాలేదు.

కోడలు సంచి తాళ్లు రెండూ కలిపి ముడి వేసింది, విప్పింది. తరవాత నా వైపు కాకుండా వాకిలి వైపు చూస్తూ అంది.

“ఐసు కరిగిపోతంటే మూడుసార్లు తెప్పించినానత్తా.”

“మూడుసార్లా?” అని పైడి అడిగింది. నన్ను కాదు. తల్లిని.

కోడలు తల ఊపింది.

ఆటో వచ్చింది. కోడలు మోకాళ్ల మీద చేతులు ఆనించి లేవబోయింది. లేవలేకపోయింది. పైడి బ్యాగు అరుగు మీద పెట్టి, ఆమె చంక కింద చెయ్యి వేసి లేపింది. ఆటోలో కూర్చోబెట్టి పక్కన తనూ ఎక్కింది. ఇద్దరూ నా వైపు చూడలేదు. ఆటో పలాస రోడ్డు ఎక్కింది.

పైడి బ్యాగు అరుగు మీదే ఉంది. ఎండ వచ్చింది. జీడిపిక్కలు గోనెల మీద పరిచాను.