రబ్బరు కట్టు, కట్టుకథ

ఊళ్లో నాకు రక్తసంబంధీకులు బోలెడుమంది. సౌదీలోని బురైదాకు వచ్చాక మిగిలింది రక్తంతో సంబంధం మాత్రమే. ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. సూది గుచ్చడం, గొట్టాల్లోకి రక్తం పట్టడం, మెషిన్ ఏ అంకె చెబితే దాన్ని నమ్మడం నా ఉద్యోగం. ఇందులో నమ్మడం ఒక్కటే నాకు చేతకాదు. తాళం వేసిన తలుపును మూడుసార్లు లాగి చూసే రకం.

ఒకరోజు పొద్దున పదింటికి ఎమర్జెన్సీకి ఓ పెద్దాయన వచ్చాడు. ఖర్జూరపు తోటల ఆసామి, ఎనభై దాటి ఉంటాయి. కడుపునొప్పి. ఎంత నొప్పి అంటే "శ్వయ్య" అన్నాడు, కొంచెమేనట. అంటూనే మంచం కమ్మీని వేళ్లు తెల్లబడేలా పట్టుకున్నాడు.

నేను తీసిన మొదటి రక్తంలో తెల్లకణాలు మామూలు. మిగతావీ దాదాపు మామూలే. గ్యాస్ అని ఇంటికి పంపించదగ్గ కాగితం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మది గుంటూరు. ఆ కాగితాన్ని దొంగనోటును చూసినట్టు వెలుతురుకెత్తి చూసింది.

"ఈ వయసులో రక్తానికి కూడా మొహమాటమేనయ్యా. లోపల కొంప మునుగుతున్నా బయటికి చెప్పదు. పొట్ట నొక్కితే మెత్తగా ఉంది, మనిషేమో మెలికలు తిరిగిపోతున్నాడు. నాడి లయ తప్పింది. గుండెలోంచి గడ్డ జారి పేగు రక్తనాళానికి అడ్డం పడిందేమోనని నా అనుమానం. లాక్టేట్ తియ్యి."

ఒంట్లో ఏ భాగానికైనా రక్తం అందకపోతే పెరిగేది లాక్టేట్. తీశాను. ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది.

స్కాన్ తీయిద్దామని డాక్టరమ్మ ఫోన్ చేస్తే సర్జన్ నమ్మలేదు. ముసలాయన మూత్రపిండాలు అంతంతమాత్రం, స్కాన్ కోసం ఎక్కించే మందు వాటిని దెబ్బతీయొచ్చు. చేతికి రబ్బరు కట్టు ఎక్కువసేపు బిగించినా, గొట్టాన్ని ఐసులో పెట్టకపోయినా ఆ అంకె ఉత్తినే పెరుగుతుంది, మళ్లీ తీసి చెప్పండి అన్నాడట. అంటే నాది కట్టు బిగించి చెప్పిన కట్టుకథ.

డాక్టరమ్మ ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"నిజం చెప్పు బాబూ. కట్టు ఎంతసేపు ఉంచావు?"

"నరం దొరకల్యా మేడమ్. తాకితే జారిపోతాంది. రెండు నిమిషాలో, మూడో."

"ఐసు?"

"పెట్టినా మేడమ్... పెట్టినట్టే గుర్తు."

"గుర్తా? పెట్టావా?"

"యాడ మేడమ్! ఫ్రిజ్‌లో అయిపోయింటే క్యాంటీన్‌కు పోయి తెచ్చినా. అంతసేపూ గొట్టం బల్లమీదే ఉండె."

"అబద్ధం చెప్పడం కూడా పూర్తిగా రాదేంటయ్యా నీకు?" అని నవ్వబోయి ఆగిపోయింది. "సరే, నీ గొట్టం తప్పే అనుకుందాం. ఆ పొట్ట తప్పు కాదుగా. స్కాన్‌కి ఇప్పుడే పంపిస్తున్నా, తిట్లు నేను తింటా. ఈలోగా రెండో రక్తం తీద్దాం, కట్టు లేకుండా."

కట్టు లేకుండా అంటే మణికట్టే దిక్కు. అక్కడి ధమనిలోంచి ఆవిడే తీసింది. పెద్దాయన మంచం స్కాన్ గది వైపు కదిలింది. నేను క్యాంటీన్ ఐసు గ్లాసులో గొట్టం పెట్టుకుని ల్యాబ్‌కు పరుగెత్తాను. మెషిన్ ముందు నిలబడి, ఆ అంకె తగ్గాలా, పెరగాలా, నాకేం కావాలో నాకే తెలియలేదు. తగ్గితే దోషం నాది. పెరిగితే పేగుది.

పెరిగింది. ఒక్క క్షణం హమ్మయ్య అనుకున్నాను. మరుక్షణం నా హమ్మయ్య అంటే నాకే అసహ్యం వేసింది. ఫోన్ చేశాను. స్కాన్‌లో గడ్డ అప్పటికే కనిపించిందట. సర్జన్ థియేటర్‌కు పరుగెడుతున్నాడట.

సాయంత్రం సర్జనే ల్యాబ్‌కు వచ్చాడు. పేగు కొంత తీసేశాననీ, మిగతాదానికి రంగు తిరిగిందనీ, పెద్దాయన బతుకుతాడనీ చెప్పాడు. రెండో అంకె కోసం కాచుకుని ఉంటే కోయడానికీ కుట్టడానికీ ఏమీ మిగిలేది కాదని తనే ఒప్పుకున్నాడు.

మొదటి అంకె నిజమైనదేనా అని అడిగాను.

"కొంత ఆయనది, కొంత నీది" అన్నాడు.

ఎవరిది ఎంతో ఇప్పటికీ తెలియదు.