గంజి పెట్టిన జపాన్ నోట్లు

గద్వాలలో మా వీధి చివర ఒక నేతాయన ఇల్లు ఉంది. ఆయన తాత బతుకుదెరువుకు రంగూన్ పోయి, యుద్ధం ముగిశాక ఓడెక్కి తిరిగొచ్చాడు. తెచ్చుకున్నది ఒక నోట్ల కట్ట. బర్మాను ఆక్రమించిన జపాన్ వాళ్లు అచ్చేసి, ఇదే డబ్బు అని జనం చేతుల్లో పెట్టిన కాగితాలవి. ఇంగ్లిషు అక్షరాలున్నాయి గానీ నోటు నోటుకూ ఉండాల్సిన నంబరు లేదు. జపాన్ ఓడగానే అవి చిత్తు కాగితాలయ్యాయి. ఎప్పటికైనా మారుతాయని ఆ ముసలాయన చచ్చేదాకా దాచాడు.

మొన్న ఎండాకాలం మనవడు నన్ను పిలిపించాడు. పత్రికలో పనిచేసినవాణ్ణి, ఇంగ్లిషు చదివిపెడతానని. నాగర్‌కర్నూల్ నుంచి మాట్లాడుతున్నానని ఎవడో ఫోన్‌లో నోటుకు లక్ష ఇస్తానన్నాడట. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలట.

"మెత్తవడ్డ నోట్లు కొనరంట అన్నా. జర చూడు, ఎట్ల తయారు చేసిన్నో."

వాకిట్లో తాడు మీద నోట్లు ఆరుతున్నాయి. పడుగు నూలుకు పట్టించినట్టే గంజి పట్టించి, కుంచెతో సాపు చేశాడు. అప్పడాల్లా బిరుసెక్కి, మడతల దగ్గర చిట్లుతున్నాయి. పాత నోట్లు సరదాకు కూడబెట్టేవాళ్లు ఏ వందో ఇచ్చేవాళ్లేమో. ఇక అదీ లేదు.

"ఇవి చెల్లవు. వాడు దొంగ," అన్నాను.

"పేపరోళ్లకు అందరు దొంగలే కనవడ్తరు," నవ్వాడు.

లోపల మగ్గం మీది నుంచి భార్య అంది: "లక్షలిచ్చెటోడు ఆ ఫీజేదో అండ్లనే పట్టుకోరాదా? ఇంట్ల ఎంతమందుంటరని ఎందుకడుగుతుండు?"

"నీకు తెల్వదు, ఊకో."

అంతలో ఫోన్ మోగింది. గొంతు చాలా మర్యాదగా ఉంది. "పక్కన ఎవరన్న ఉన్నరా మామా?"

నా మొహంలోకి చూస్తూనే, "ఎవ్వరు లేరు సారూ," అన్నాడు.

మూడోనాడు వనపర్తి నుంచి ఆటో వచ్చింది. ఫీజు కోసం మగ్గం అమ్మేశాడు. వీధి జనంతో పాటు నేనూ వెళ్లాను. అతని భార్య మగ్గం గుంటలో కాళ్లతో చెక్కలు తొక్కుతూ, పోగుల మధ్య నాడె ఆడిస్తూ నేస్తూనే ఉంది.

"అక్కా, జర లెవ్వు. ఎండెక్కుతుంది," అన్నాడు కొనడానికొచ్చినాయన.

"ఈ చీర దిగినంక రా."

"ఎన్నొద్దులైతది?"

"నా ఇష్టం."

భర్త లోపలికి పోయి కత్తెర తెచ్చాడు. సగం నేసిన చీర ముందు వంగి, ఆ చివర నుంచి ఈ చివరకు పడుగు కోసుకుంటూ వచ్చాడు. పోగులు తెగుతుంటే ఆమె నాడె వదలలేదు. కాలు మాత్రం అలవాటుగా ఇంకోసారి తొక్కింది.