అన్న రికార్డులో నా చెరకు

నేను కాలేజీలో ఏ గ్రూపు తీసుకోవాలో నాకంటే ముందు ఒక గోనెసంచి తేల్చేసింది. అరవైలలో మాట. మాది బోధన్ పక్కన కాలువ కింది ఊరు. చెరకు పంట, తిండికి సరిపడా వరి. మా వైపు ఎవరింట్లో చూసినా పెద్దవాళ్ళు చదివి వదిలేసిన పుస్తకాలు ఏవి ఉంటే చిన్నవాళ్ళు అవే చదివేవాళ్ళు. అన్న లెక్కలు చదివితే తమ్ముడికీ లెక్కలే, వాడికి ఎక్కాలు రాకపోయినా సరే. నేను బడి ఆఖరి హెచ్చెస్సీ పరీక్షలు ఇంకా రాయకముందే, వర్నిలో మా మేనమామ కొడుకు చదివేసిన చరిత్ర, అర్థశాస్త్రం పుస్తకాలు గోనెసంచిలో వచ్చి మా వడ్ల గదిలో కూర్చున్నాయి.

"బుక్కులొచ్చినయి. నీకిగ ఫికర్ లేదు" అన్నాడు బాపు, మా నాన్న.

నాకు కావలసిన పుస్తకాలు ఆ సంచిలో లేవు. అవి అన్న పెట్టెలో ఉన్నాయి. అన్న నాకంటే రెండేళ్ళు పెద్ద. ఇందూరులో, డిగ్రీకి ముందు ఏడాది చదివే పీయూసీలో ఉన్నాడు. నిజామాబాదును మేము ఇందూరు అనే అంటాం. వాడు డాక్టరు కావాలని బాపు కోరిక. అందుకని జీవశాస్త్రం గ్రూపులో చేర్పించాడు. మొదటిసారి తప్పాడు, మళ్ళీ చదువుతున్నాడు. తప్పినవాడి పుస్తకాలు మళ్ళీ వాడికే కావాలి కదా, ఇక నాకెక్కడివి?

తప్పినందుకు వాడికి జరిగిన మర్యాదలు చూసి తీరవలసిందే. మా అమ్మను మేము అవ్వ అని పిలిచేవాళ్ళం. ఆమె వాడికి గిన్నె నిండా మీగడ పెరుగు పెట్టేది, నానబెట్టిన బాదం పలుకులు ఒలిచి నోటికి అందించేది, తలకు నూనె మర్దన చేసేది. వాడు ఇంటికొచ్చి చదువుతున్నంతసేపూ మేము పిల్లుల్లాగా నడవాలి. నేను క్లాసులో మొదటిదాన్నిగా వచ్చిన రోజు నాకు దక్కింది రోజూ తినే జొన్నరొట్టే. పాసైనదానికి పాచి రొట్టె, ఫెయిలైనవాడికి బాదంపాలు. ఒకరోజు ఆ మాట పైకే అన్నాను. "ఓర్వలేనిదానా, వాడు మొగపిలగాడు, సంసారం ఎల్లదియ్యాలె" అంది అవ్వ. అవును, ఓర్వలేకపోయాను. కడుపులో మంట ఎంతగా ఉండేదంటే వాడు బాదం నమిలే చప్పుడు విన్నా నాకు ఒళ్ళు మండేది.

అన్న ప్రతి శనివారం బోధన్ రైల్లో ఇంటికొచ్చేవాడు. చేతిలో రికార్డు పుస్తకం ఉండేది. కాలేజీలో చేసిన ప్రయోగాలకు బొమ్మలు వేసి లెక్చరరుకు చూపించాల్సిన పుస్తకం అది. మావాడికి గీత వంకర పోకుండా గీయడం రాదు. వాడు గీసిన కప్ప బోర్లించిన తపేలాలాగా ఉండేది. "జర గియ్యవే, నీకు పుణ్యముంటది" అని బతిమాలేవాడు. ఆదివారమంతా కూర్చుని కప్ప గుండెకాయా, మందారపువ్వు కోతా నేను గీసిపెట్టేదాన్ని. పక్కన ఉన్న పాఠం కూడా చదివేదాన్ని. ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది, మిగతా సగం బొమ్మ చెప్పేది.

వచ్చే శనివారానికి నా బొమ్మ కింద ఎర్ర సిరాతో "చాలా బాగుంది" అని లెక్చరరు సంతకం ఉండేది. పుస్తకం అట్ట మీద మాత్రం అన్న పేరు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. అన్న స్నానానికి పోయినప్పుడు ఆ ఎర్ర అక్షరాలు తీసి మళ్ళీ మళ్ళీ చూసుకునేదాన్ని.

అన్న రెండోసారి చదువుతున్న ఏడు, చలికాలంలో, మొక్కజొన్న కాండాన్ని అడ్డంగా కోస్తే లోపల ఎలా ఉంటుందో గీయాల్సి వచ్చింది. పుస్తకంలో చూసి గీయమన్నాడు. మొక్కజొన్న, చెరకు రెండూ గడ్డి జాతివేనని నేను అప్పటికే చదివాను. మా చుట్టూ ఎకరాలకెకరాలు చెరకు నిలబడి ఉండగా అచ్చుబొమ్మ చూసి గీయడమేమిటి అనిపించింది. అన్న గడ్డం గీసుకునే బ్లేడు తీసుకుని చేనులోకి పోయాను. పలచటి ముక్క ఒకటి సరిగ్గా రావడానికి గడలు చాలా పాడుచేశాను. వేలు కూడా కోసుకున్నాను. ఆ ముక్కను గాజుపెంకు మీద పరిచి, అన్న కాలేజీ నుంచి తెచ్చిన భూతద్దంతో ఎండలో చూశాను. లోపలంతా చుక్కలు చల్లినట్టుగా ఉంది. కనబడింది కనబడినట్టు గీసి, కింద "చెరకు" అని రాశాను.

ఆ బొమ్మను లెక్చరరు క్లాసంతా తిప్పి చూపించాడట. "ఇది పుస్తకాన్ని చూసి గీసింది కాదు, మొక్కను చూసి గీసింది" అని మెచ్చుకున్నాడట. అన్న ఈ సంగతి అన్నం తింటూ తల ఎత్తకుండా చెప్పాడు. బాపు మొహం వెలిగిపోయింది. నేను మజ్జిగ వడ్డిస్తున్నాను. ఆ గిన్నె వాళ్ళ మధ్య విసిరికొట్టాలనిపించింది.

మర్నాడు ఆదివారం చక్కెర ఫ్యాక్టరీ నుంచి ఫీల్డ్‌మ్యాన్ వచ్చాడు. ఎవరి చెరకు ఎప్పుడు కొట్టాలో చూసి చెప్పే మనిషి. ఆయనంటే ఊళ్ళో అందరికీ భయమూ భక్తీ. బాపు ఆయనకు చాయ్ ఇచ్చి, అన్న రికార్డు తెచ్చి ముందు పెట్టాడు.

"గీ బొమ్మ మా పిలగాడు గీసిండు సూడుండ్రి. కాలేజీల అందరికీ సూపెట్టిండ్రంట."

ఆయన బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూశాడు. పుట్టినప్పటి నుంచి చెరకుతో బతికినవాడు. "మంచిగుంది పటేలా" అని, అన్నవైపు తిరిగి, "యాడ కోసినవ్? కణుపు మీదనా, నడుమనా?" అని అడిగాడు.

అన్న బాపు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "కణుపు మీదనే" అన్నాడు.

నేను గడప అవతల నిలబడి ఉన్నాను. నోరు మూసుకుని ఉండవచ్చు. ఉండలేదు.

"కణుపు మీద కాదు. రొండు కణుపుల నడుమ కోసిన. కణుపు మీద కోస్తె గిట్ల సాఫ్‌గ కనవడది."

ఫీల్డ్‌మ్యాన్ పగలబడి నవ్వాడు. "మీ ఇంట్ల డాక్టరు ఎవ్వలో నాకు తెల్సింది పటేలా" అన్నాడు. బాపు మాత్రం నా వైపు తిరిగి, "నువ్వు గీసినవా?" అని మెల్లగా అడిగాడు.

"నేనే గీసిన. గిదొక్కటే కాదు, అన్నీ నేనే గీసిన."

ఆ రెండో మాట అక్కర్లేదు. నిజం చెప్పాలని కాదు, వాణ్ణి పూర్తిగా కింద పడెయ్యాలని అన్నాను. పరాయి మనిషి ముందర బాపు ఇజ్జత్ పోయింది. అన్న చెవులు ఎర్రబడ్డాయి. నా లోపల మాత్రం పండగలా ఉంది. ఇన్నేళ్ళయినా అది దాచుకోవాలని లేదు.

ఎండాకాలంలో ఫలితాలొచ్చాయి. అన్న మళ్ళీ తప్పాడు, నేను ఫస్టు క్లాసులో పాసయ్యాను. బాపు అన్నను పిలిచాడు. "నువ్వు చెరకు బండ్లు సూసుకో. బుక్కులు ఖాళీగున్నయి, పిల్ల సదువుతది" అన్నాడు. వర్ని గోనెసంచి వర్నికే తిరిగి పోయింది. అన్న పెట్టెలోని పుస్తకాలు నా పెట్టెలోకి వచ్చాయి. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

ఆ హాయి ఇందూరులో మేనత్త ఇంట్లో దిగిన నెలకే పోయింది. పదేళ్ళు తెలుగులో చదివినదాన్ని. కాలేజీలో పాఠమంతా ఇంగ్లీషు. లెక్చరరు గడగడా చెప్పుకుపోతుంటే నేను బోర్డు మీది బొమ్మలు మాత్రం దించుకునేదాన్ని. మొదటి పరీక్షలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం రెండూ పోయాయి. పరీక్ష ఉన్న ప్రతి పొద్దున నాకు వాంతి అయ్యేది. అర్థం కాని వాక్యాలను మేడ మీద తిరుగుతూ మంత్రాల్లా బట్టీ పట్టాను. అన్న రెండేళ్ళు పడిన బాధ ఏమిటో అప్పుడు తెలిసింది. తెలిసి జాలి కలిగిందని అబద్ధం చెప్పను. నాకు మళ్ళీ అసూయే పుట్టింది. వాడు తప్పించుకున్నాడు, నేను ఇరుక్కున్నాను.

చెరకు కొట్టే కాలం మళ్ళీ వచ్చింది. ఒక శనివారం బోధన్ స్టేషన్‌లో దిగి ఫ్యాక్టరీ దారిలో నడుస్తున్నాను. దారి పొడుగునా చెరకు బండ్లు వరస కట్టి ఉన్నాయి. వాటిలో మా బండి మీద అన్న కూర్చుని, పక్క బండి మరాఠీ ఆయనతో వచ్చీరాని మరాఠీలో పరాచికాలాడుతున్నాడు. నల్లబడ్డాడు, కొంచెం ఒళ్ళు చేశాడు. ఆ నవ్వు చూసి నాకు కళ్ళు కుట్టాయి.

నన్ను చూసి బండి మీదికి చెయ్యిచ్చి ఎక్కించుకున్నాడు. గడ ఒకటి లాగి, విరిచి నాకిచ్చాడు.

"గిట్ల బక్కగైనవేందే? సదువు పరేషాన్ జేస్తున్నదా?"

"ఫెయిలైతనేమో అన్నా" అన్నాను. ఎవరితోనూ అనని మాట వాడితో అన్నాను. తర్వాత ఉండబట్టలేక, "నా మీద కోపం లేదా నీకు?" అని అడిగాను.

వాడు చెరకు పిప్పి ఊశాడు.

"కోపమెందుకే. రొండోపారి ఫెయిలైననాడు బాపు నన్ను చేనుకాడికి తోల్కపోయిండు. తిడ్తడనుకున్న. గట్టు మీద కూసోని ఏడ్సిండు. 'నీ కోసమే గద బిడ్డా గీ కష్టమంత' అని ఏడ్సిండు. గది సూసినంక నాకు బతుకబుద్ది గాలే. నిన్ను సూస్తె కుళ్ళు పుట్టేదే. నువ్వు సదివినా, సదువకున్నా ఇంట్ల ఎవ్వలు ఏడ్వరు. ఎంత నిమ్మళమనుకునేటోణ్ణి."

ముందు బండి కదిలింది. మా ఎద్దులు నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగాయి. నా చేతిలో చెరకు ముక్క అలాగే ఉంది. బాపు ఏడ్చాడని నాకు అంతవరకూ తెలియదు. నా కోసం ఎవరూ ఏడవరని అన్న చెప్పింది నిజమే. వాడికి నిమ్మళంగా కనిపించింది అదే, నన్ను ఇన్నేళ్ళుగా కాల్చింది అదే. ఎండ కంట్లో పడుతోందని కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ ఏడు నేను సెకండ్ క్లాసులో పాసయ్యాను. పరుగున పోయి బాపుకు చెప్పాను. పార భుజాన పెట్టుకుని వాకిట్లో ఉన్నాడు. "మంచిగైంది" అని, చెరకుకు నీళ్ళు కట్టడానికి పోయాడు.