పలక పొడి కింద పుండు

పలక పొడితో దొంగపని కూడా చేయొచ్చని నా చిన్నప్పుడే నేర్చుకున్నాను. నేర్పింది మా నాయన, చేసింది నేను. ఇన్నేళ్లయినా చెప్పుకోవాలంటే సిగ్గుగానే ఉంటుంది. అయినా చెప్పి తీరాలి. పశువుల చట్టాన్ని మారుస్తారట, శిక్షలు పెంచుతారట అని పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది. అప్పుడు చట్టం లేకనా?

మాది మార్కాపురం పక్కన పల్లె. మద్రాసు ప్రభుత్వం రోజులవి. గనిలో తీసిన పలక రాయిని మా నాయన ఎద్దుల బండి మీద రైలు స్టేషనుకు తోలేవాడు. గని కాంట్రాక్టరు బండి మోయగలిగినంతా వేయించి, ఆపైన ఇంకో నాలుగు వరసలు ఎక్కించేవాడు. కాదంటే రేపటి నుంచి రావద్దనేవాడు. ఆ బరువుకు కాడి రాసుకుని రాసుకుని, మా బూడిద రంగు ఎద్దు మెడ మీద అరచేయంత పుండు పడింది.

పుండున్న ఎద్దును కాడికి కట్టకూడదని అప్పటికే చట్టం ఉంది. స్టేషను దారిలో ఒక పోలీసు జవాను నిలబడి, ఎద్దుల మెడలు చూసి కేసులు రాసేవాడు. బండ్లవాళ్లు దానికి విరుగుడు కనిపెట్టారు. పలక పొడిని గంజిలో కలిపి పుండు మీద మెత్తితే, ఆరాక అది ఎద్దు తోలు రంగులో కలిసిపోతుంది. దూరం నుంచి చూసేవాడికి ఏమీ కనపడదు. మా ఇంట్లో ఆ పని నాది. "పాప చెయ్యి మెత్తన, ఎద్దుకు నొప్పే తెలీదు" అనేవాడు నాయన. ఆ మాటకు నేను పొంగిపోయేదాన్ని. అంచుల్లో పలచగా, నడుమ మందంగా, వాకిట్లో ముగ్గు పెట్టినంత శ్రద్ధగా మెత్తేదాన్ని.

మా జేజికి, అంటే నాయన తల్లికి, ఇది గిట్టేది కాదు. పుండు మానేదాకా ఎద్దును విప్పి ఉంచమని పోరుపెట్టింది. నాయన వినలేదు. ఒకరోజు పొద్దున్నే ఆమె కడవ చంకన పెట్టుకుని బండి వెంట నడిచింది. నేనూ ఆమె వెనకే పోయాను. దారిలో ఎద్దులకు తాపడానికేమో అనుకున్నాం. జవాను ఎప్పటిలాగే దూరం నుంచి ఒక చూపు చూసి, పొమ్మని చెయ్యూపాడు. అప్పుడు జేజి ముందుకొచ్చి కడవెడు నీళ్లూ ఎద్దు మెడ మీద కుమ్మరించింది.

నల్లటి నీళ్లు జారిపోయాయి. కింద ఎర్రటి మాంసం. క్షణంలో ఈగలు ముసిరాయి.

"ఏం పని జేస్తివమ్మా! నీ కొడుకు నోట్లో నువ్వే మన్ను గొడితివి గదా!" అని నాయన నెత్తి బాదుకున్నాడు.

"నీకు నోరుండాది, అరుస్తాండావు. అది యాడ అరుస్తాదిరా?" అంది జేజి. తర్వాత జవాను వైపు తిరిగింది. "రాసుకో అయ్యా, నా కొడుకు పేరు రాసుకో. వాని పేరుకంటే ముందు, ఇంత రాయి ఎక్కిచ్చిన కాంట్రాక్టరు పేరు రాయి."

జవాను నవ్వాడు. నవ్వాడండీ! "తోలినోని మీదనే కేసు అవ్వా. ఎక్కిచ్చినోళ్ల సంగతి నాకేంది?" అన్నాడు. నాయన పేరొక్కటే రాసుకుని ఎద్దును అక్కడికక్కడే విప్పించాడు. మధ్యాహ్నానికల్లా కాంట్రాక్టరు ఇంకో బండిని పిలిపించుకున్నాడు. దాని మీదా అన్నే వరసలు ఎక్కించాడు. పుండు పడటానికి కారణమైనవాడు కుర్చీలోంచి లేవనే లేదు. అదేం చట్టం? ఎవరి కోసం చేసిన చట్టం? మా నాయన ఎద్దు మానేదాకా అదే గనిలో రాయి కొట్టే కూలికి పోయినాడు.

జేజి నన్ను ఒక్క మాట అనలేదు. వేపాకు నీళ్లు కాచి, పాతగుడ్డ నా చేతికిచ్చి, "నువ్వే కడుగు పో" అంది. నాయన దగ్గరికి వస్తే ఎద్దు కదలకుండా నిలబడేది. ములుగర్రతో పొడిచినవాడు ఆయనే, అయినా నిలబడేది. నేను చెయ్యి చాపితే మాత్రం మెడంతా వణికించి, పలుపు తెగేటట్టు వెనక్కి గుంజుకునేది. రోజూ పచ్చి పుండులో రాతి పొడి రుద్దిన చెయ్యి ఏదో దానికి బాగా తెలుసు. నొప్పి తెలీదని ఎద్దు ఎన్నడూ చెప్పలేదు కదా, మేమే చెప్పుకున్నాం. నేను ఏడుస్తుంటే జేజి, "ఏడ్చేది తర్వాత, ముందు కడుగు" అంది.

పుండు మానింది. అక్కడ తెల్లటి వెంట్రుకలు మొలిచాయి. ఆ ఎద్దు మా ఇంట్లోనే ముసలిదై చచ్చిపోయింది గానీ, చివరిదాకా నన్ను తన మెడ ముట్టుకోనివ్వలేదు.

శిక్షలు ఎంతైనా పెంచుకోనీ, ఎక్కించినవాడి పేరు రాయని చట్టాన్ని నేను నమ్మను. ఇక నా సంగతంటారా, ఇప్పటికీ వీధిలో ఏ ఆవో, ఏ దూడో ఎదురైతే ముందు చేతులు వెనక్కి పెట్టుకుంటాను. అదే వచ్చి నన్ను తాకితే తప్ప నేను ముట్టుకోను.